తల్లి చేరదీయని కుందేలు కూనలు

ఇంట్లోగాని, పాఠశాల ఆవరణలోగాని కుందేళ్ళను పెంచేవారికి ఒక ఉదయం ఇటువంటి దృశ్యం ఎదురవుతుంది. పంజరంలో ఒక మూల బొచ్చు కుప్పగా పడి ఉంటుంది. దానిలో ఆరేడు కూనలు. ఒంటిమీద వెంట్రుక లేదు. కళ్ళు మూసుకొని ఉంటాయి. చెవులు తలకు అంటుకొని ఉంటాయి. తల్లి మాత్రం ఎదుటి మూల కూర్చుండి నిశ్చింతగా గడ్డి నములుతూ ఉంటుంది. కూనలవైపు తిరిగి చూడదు. మధ్యాహ్నమైనా అంతే, సాయంత్రమైనా అంతే. ఆవును, మేకను, పిల్లిని చూచిన కళ్ళకు ఇది ఘోరంగా కనిపిస్తుంది. తల్లి పిల్లలను వదలివేసిందని నిశ్చయించుకొని, దయగల విద్యార్థి ఎవరో ఆ కూనలను అట్టపెట్టెలోకి మార్చి ఆవుపాలు పట్టడం మొదలుపెడతాడు. నాలుగైదు రోజులలో కూనలు ఒక్కొక్కటే చనిపోతాయి. నేరం తల్లిమీద పడుతుంది. నిజానికి ఇటువంటి సందర్భాలలో చాలాసార్లు తల్లి పిల్లలను విడువనే లేదు.

ఈ పొరపాటు ఎందుకు జరుగుతుందో తెలియాలంటే పెంపుడు కుందేలు పుట్టుపూర్వోత్తరాలు కొంత తెలియవలె. తెల్లగానో, బూడిదరంగుగానో పంజరాలలో కనిపించే ఈ జంతువు మన పొలాలలో పరుగెత్తే కుందేలు కాదు. దీని శాస్త్రీయనామం ఒరిక్టోలాగస్ క్యునిక్యులస్. దీని పూర్వులు నైరుతి ఐరోపాలో, ముఖ్యంగా స్పెయిన్, పోర్చుగల్ దేశాలున్న ద్వీపకల్పంలో నేలలో బొరియలు త్రవ్వుకొని బ్రతికినవి. మన పొలాలలోని కుందేలు లీపస్ నైగ్రికాలిస్. కొందరు చెవులపిల్లి అని కూడా పిలిచే ఈ జంతువు బొరియ త్రవ్వదు. పొదలచాటున, గడ్డిలో పడుకొంటుంది. దీని పిల్ల పుట్టుకతోనే ఒంటినిండా బొచ్చుతో, తెరచిన కళ్ళతో ఉంటుంది. తెలుగులో రెండింటికీ ఒకే మాట వాడడం వలన, ఒకదాని అలవాట్లు మరొకదానికి అంటగట్టడం జరుగుతూ ఉంటుంది.

బొరియలో నివసించే అడవి తల్లి ప్రసవానికి ముందు పిల్లలకోసం వేరుగా చిన్న సొరంగం త్రవ్వుతుంది. ఎండుగడ్డి పరచి, తన పొట్టమీది, గొంతుక్రిందిది బొచ్చు పీకి మెత్తని పడక అమర్చుతుంది. సుమారు 31 రోజుల గర్భం తరువాత ప్రసవించి, పిల్లలకు పాలిచ్చి, సొరంగం ద్వారాన్ని మట్టితో మూసివేసి వెళ్ళిపోతుంది. రోజుకొకసారి వచ్చి ద్వారం తెరచి, పాలిచ్చి, మళ్ళీ మూసివేస్తుంది. నక్కకూ, ముంగిస వంటి వేటజంతువులకూ తల్లి రాకపోకలే పిల్లల జాడ చెబుతాయి. తల్లి ఎంత తక్కువగా వస్తే పిల్లలకు అంత క్షేమం. మనిషి పంజరంలో పెట్టినా ఈ స్వభావం పోలేదు. పంజరంలో మూయడానికి మట్టి లేదు, దూరంగా వెళ్ళడానికి దారి లేదు. అందుచేత తల్లి ఎదుటి మూలకు పోయి, పిల్లలు లేనట్లే కూర్చుంటుంది.

1965లో జారో, డెనెన్‌బర్గ్, ఆండర్సన్ అనే శాస్త్రజ్ఞులు ఈ విషయాన్ని పరిశీలించి 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. తల్లి 24 గంటలకు ఒక్కసారి, కొద్ది నిమిషాలపాటు మాత్రమే పాలిస్తుందని వారు చూపారు. తల్లులలో కొన్ని రోజుకు రెండుసార్లు పాలిస్తాయని తరువాతి పరిశీలకులు గమనించారు. అంతకంటె ఎక్కువ ఆశించనక్కరలేదు. పాలిచ్చే కాలం సాధారణంగా మూడు నాలుగు నిమిషాలు, అదీ తరచు రాత్రిగాని, తెల్లవారుజామునగాని. ఆ కాసేపటిలో 50 గ్రాముల బరువున్న కూన పది పన్నెండు గ్రాముల పాలు త్రాగగలదు. అంటే తన బరువులో సుమారు నాలుగవవంతు! 60 కిలోల మనిషి నాలుగు నిమిషాలలో 15 లీటర్లు త్రాగినట్లు లెక్క.

కళ్ళు కనిపించని, చెవులు వినిపించని కూన ఇంత వేగంగా చన్ను ఎట్లా పట్టుకొంటుంది? వాసనవలన. 2003లో ఫ్రాన్సు దేశంలో బెనోవా షాల్, ఆయన సహచరులు కుందేలు పాలలో 2-మిథైల్ బ్యూట్-2-ఈనాల్ అనే పదార్థాన్ని గుర్తించారు. ఈ పదార్థం అంటించిన గాజుకడ్డీని ముక్కుదగ్గర పెడితే చాలు, కూన తల ఆడిస్తూ వెదకి కడ్డీని నోట పట్టుకొంటుంది. తల్లి వచ్చే వేళను కూడా కూనలు ముందుగానే పసిగడతాయి. గంటా రెండు గంటల ముందునుంచే మెలకువగా ఉండి, పైనున్న బొచ్చును త్రోసుకొని పైకి చేరుతాయి. పాలు త్రాగిన తరువాత మూత్రం విడిచి మళ్ళీ బొచ్చులోనికి దూరి, ఒకదానినొకటి ఒత్తుకొని పడుకొంటాయి. మిగిలిన ఇరవైమూడు గంటలకు పైగా వాటికి తల్లితో పని లేదు; వెచ్చదనంతోనే పని.

కనుక తల్లిని చూచి తీర్పు చెప్పరాదు, కూనలను చూడవలె. ఉదయాన తల్లికి ఇష్టమైన ఆకు ఏదైనా వేసి దాని దృష్టి మళ్ళించి, చేతులు శుభ్రంగా కడుక్కొని, ఆ గూటిలోని గడ్డితో చేతులు రుద్దుకొని కూనలను ఒక్కొక్కటిగా పరీక్షించవచ్చు. మనిషి చేయి సోకితే తల్లి పిల్లలను చంపుతుందనే మాట పెంపుడు కుందేళ్ళ విషయంలో సాధారణంగా నిజం కాదు. పాలు త్రాగిన కూన పొట్ట గుండ్రంగా, నున్నగా ఉంటుంది. మొదటి రోజులలో చర్మం ఎంత పలుచనగా ఉంటుందంటే లోపలి పాలు తెల్లని పట్టీవలె పైకి కనిపిస్తాయి. పాలందని కూన పొట్ట లోపలికి పోయి, చర్మం ముడుతలుపడి ఉంటుంది. ముట్టుకొంటే కీచుమంటూ అటూఇటూ వెదుకుతుంది. పుట్టిన మొదటి రోజున పొట్ట ఖాళీగా కనిపించినా కంగారుపడనక్కరలేదు. తల్లి ఆ మరునాటి తెల్లవారుజామున పాలివ్వవచ్చు. కూనలు వెచ్చగా ఉంటే ఒక రోజు ఓర్చుకోగలవు.

దీనికంటె నమ్మదగిన సాక్షి త్రాసు. పాఠశాల ప్రయోగశాలలో ఉండే సామాన్య త్రాసు చాలు. కూనల చెవులమీద సిరాతో చిన్న గుర్తులు పెట్టి, రోజూ ఒకే వేళకు తూచి, గ్రాఫు కాగితంమీద గీయవలె. పుట్టినప్పుడు 40 నుంచి 60 గ్రాములుండే కూన ఇంచుమించు వారం రోజులలో రెట్టింపు బరువు అవుతుంది. గీత పైకి పోతున్నంతకాలం, తల్లి ఏ మూల కూర్చున్నా సరే, దాని పని అది చేస్తున్నదన్నమాట. అన్ని కూనల గీతలు పైకి పోతూ ఒక్కదానిది మాత్రం చదునుగా ఉంటే, ఆ ఒక్కదానిని మిగిలినవాటికంటె ముందుగా చన్నుదగ్గరకు చేర్చితే సరిపోతుంది.

నిజంగా పాలివ్వని తల్లులు లేకపోలేదు. తొలిచూలు తల్లి కొన్నిసార్లు గూడు అమర్చుకోదు. తీగవల నేలమీద అక్కడొకటి ఇక్కడొకటిగా ఈని ఊరుకొంటుంది. కుక్కల మొరుగుడు, రాత్రివేళ ఎలుకల సంచారం, పిల్లలను పదేపదే చూడవచ్చే జనం తల్లిని బెదరగొడతాయి. నీరు చాలక దప్పికతో ఉన్న తల్లి, అదరిన తల్లి తన కూనలను తినివేయడం కూడా కద్దు. వీటిలో చాలాభాగం పెంచేవారి లోపాలే. జతకట్టించిన 27, 28వ రోజుకే, లోపల తల్లి తిరగడానికి మాత్రమే చోటుండే చెక్కపెట్టెను ఎండుగడ్డి వేసి పంజరంలో పెట్టి, ఎల్లవేళలా నీరు అందేట్లు చేస్తే ఈ బెడదలో సగం తప్పుతుంది. తల్లి చన్నులను కూడా తాకి చూడవలె. గట్టిగా, వేడిగా, ఎర్రగానో నీలంగానో ఉంటే అది పొదుగువాపు. ఆ తల్లిని పశువైద్యునికి చూపవలె. దాని కూనలను వేరొక తల్లికి అప్పగించరాదు. రోగం కూనల నోటిద్వారా ఆ తల్లికి అంటుకొంటుంది.

గూటి వెలుపల పడివున్న కూన విషయం వేరు. పిల్లి, కుక్క తమ పిల్లలను నోట కరచుకొని తెచ్చుకొంటాయి. కుందేలుకు ఆ అలవాటు లేదు. చన్ను విడువకుండా వ్రేలాడుతూ గూటి బయటికి వచ్చిపడిన కూనను తల్లి చూచినా తిరిగి చేర్చదు. అది చల్లబడి, కట్టెవలె పడి ఉంటుంది. చచ్చిందని పారవేయడానికి ముందు దానిని వెచ్చచేసి చూడవలె. అట్లా వెచ్చచేస్తే ప్రాణం తిరిగివచ్చే కూనలు చాలా ఉన్నాయి. అరచేతుల మధ్య పట్టుకోవచ్చు. గుడ్డ చుట్టిన గోరువెచ్చని నీటి సీసా ప్రక్కన పడుకోబెట్టవచ్చు. పూర్తిగా వెచ్చబడేవరకు పాలచుక్క పోయరాదు. చల్లబడిన శరీరంలో జీర్ణక్రియ సాగదు; మ్రింగే శక్తి కూడా ఉండదు.

కూనకు తన సొంత కొలిమి ఒకటి ఉన్నది. మెడచుట్టూ, భుజాల నడుమ గోధుమవర్ణపు కొవ్వు ఉంటుంది; శరీరపు బరువులో ఇది సుమారు నూటికి 5 వంతులు. పెద్ద జంతువు చలికి వణికి వేడి పుట్టించుకొంటుంది. నవజాత కూన వణకదు. ఈ కొవ్వును దహించి వేడి పొందుతుంది. డాకిన్స్, హల్ అనే ఇద్దరు ఇంగ్లండు శాస్త్రజ్ఞులు 1964లో దీనిని వివరించారు. అయితే ఆ కొలిమికి ఇంధనం పాలే. పాలందక చలిలో ఒంటరిగా పడివున్న కూనలో ఈ నిల్వ త్వరగా కరగిపోతుంది. అందుచేత కూనలన్నిటినీ ఒక్కచోట కూర్చి బొచ్చు కప్పడం మొదటి చికిత్స. తల్లి బొచ్చు పీకకపోతే దాని పొట్టమీద వదులుగా ఉన్న బొచ్చును మెల్లగా తీసి వాడవచ్చు. దూది వద్దు, దాని పోగులు కాళ్ళకు చుట్టుకొంటాయి. గూటిలోపల 30 డిగ్రీల సెంటీగ్రేడుకు కాస్త పైన ఉండడం మంచిది. ఇది చలిదేశాల పుస్తకాలు చదివి దీపాలు వ్రేలాడదీసేవారు గుర్తుంచుకోవలసిన అంకె. మన మే నెలలో నీడలోనే 40 డిగ్రీలు దాటే రోజులలో కూనలకు కావలసినది వేడి కాదు, గాలి. అప్పుడు పైనున్న బొచ్చులో కొంత తీసివేయవలె.

తల్లి ఆరోగ్యంగా ఉండి, చన్నులలో పాలుండి, గూటిలోకి పోకుండా ఉంటే మార్గం సులభం. రోజుకొకసారి, ఉదయాన, తల్లిని మెల్లగా ఎత్తి గూటిపెట్టెలో కూనలమీద నిలిపి, వీపుమీద చేయి వేసి అయిదు నిమిషాలు పట్టుకొంటే చాలు. రెండు మూడు రోజులు ఇట్లా చేసిన తరువాత తనంతట తానే పాలిచ్చే తల్లులు చాలా ఉంటాయి. తల్లి లేకపోతే, లేదా పాలే లేకపోతే, రెండు మూడు రోజుల తేడాలో ఈనిన మరొక తల్లికి కూనలను అప్పగించవచ్చు. ఆ తల్లి కూనల మధ్య, వాటి బొచ్చుక్రింద వీటిని కొంతసేపు కలిపి ఉంచితే వాసన ఒకటై పోతుంది. మొత్తం ఎనిమిదికి మించకుండా చూడవలె. అనుభవమున్న పెంపకందారులు రెండు ఆడ కుందేళ్ళను ఒకే రోజున జతకట్టించేది ఇందుకే. ఒకదానికి ఆపద వస్తే రెండవది ఆదుకొంటుంది.

ఈ మార్గాలన్నీ మూసుకొనిపోయినప్పుడే చేతిపెంపకం. ఇక్కడ పాల సమస్య వస్తుంది. ఆవుపాలలో కొవ్వు నూటికి 4, మాంసకృత్తులు 3 నుంచి 4, పాలచక్కెర 5 వంతుల ప్రాంతంలో ఉంటాయి. కుందేలు పాలలో కొవ్వు, మాంసకృత్తులు ఒక్కొక్కటి 12 వంతుల దరిదాపు. చక్కెర రెండు వంతులే. కొవ్వులో మన గేదెపాలు కూడా దీనికి దీటు రావు. పలుచని, తీపి ఎక్కువైన ఆవుపాలతో కూన బరువు పెరగదు సరికదా, విరేచనాలు పట్టుకొంటాయి. ఇంకొక లోపం కూడా ఉన్నది. తల్లిపాలు కూన కడుపులో జీర్ణమయ్యేటప్పుడు ఆక్టనోయిక్, డెకనోయిక్ ఆమ్లాలు విడుదలై సూక్ష్మజీవులను అణచివేస్తాయని 1966లో కన్యాస్-రోడ్రిగెజ్, స్మిత్ కనుగొన్నారు. వేరు పాలు త్రాగే కూనకు ఈ కవచం లేదు. ఒక్క ఊరట ఉన్నది: ముర్రుపాలు అందని దూడవలె ఇది పూర్తిగా నిస్సహాయం కాదు. కుందేలులో రోగనిరోధక పదార్థాలు చాలాభాగం పుట్టుకకు ముందే, గర్భంలోనే పిల్లకు చేరిపోతాయి.

పిల్లికూనలకోసం అమ్మే పాలపొడి దొరికితే అది ఆవుపాలకంటె మేలు. దొరకకపోతే మేకపాలలో కాస్త మీగడ కలిపి ఇస్తారు. చంటిబిడ్డకు వలె గంటకొకసారి పట్టనక్కరలేదు, రోజుకు రెండుసార్లు చాలు. మొదటి రోజులలో రోజు మొత్తానికి సుమారు 5 మిల్లీలీటర్లు, వారం నాటికి 10 నుంచి 15, రెండు వారాలకు 25 పైబడి. కూన పరిమాణాన్నిబట్టి హెచ్చుతగ్గులు ఉంటాయి. మరగబెట్టిన నీటిలో శుభ్రం చేసిన డ్రాపరుతోగాని, సూదిలేని సిరంజితోగాని గోరువెచ్చని పాలు బొట్టుబొట్టుగా నోటి ప్రక్కన ఇవ్వవలె. కూనను ఎన్నడూ వెల్లకిల పెట్టరాదు. బోర్లా, తల కాస్త పైకి ఉండేట్లు పట్టుకోవలె. తొందరపడితే పాలు ఊపిరితిత్తులలోకి పోతాయి. చేతిపెంపకంలో చావులకు ముఖ్యకారణాలలో ఇదొకటి. పాలు పట్టిన తరువాత తడి దూదితో పొట్ట క్రిందిభాగం మెల్లగా తుడిస్తే మూత్రం విడుస్తుంది. ఎంత జాగ్రత్తగా చేసినా, చేయితిరిగినవారి దగ్గర కూడా చేతిపెంపకపు కూనలు చాలా చనిపోతాయి. ఈ సంగతి విద్యార్థులకు ముందే చెప్పి ఉంచడం మంచిది.

పది పదకొండు రోజులకు కళ్ళు తెరుచుకొంటాయి. అప్పటికి మెత్తని బొచ్చు కూడా వచ్చి ఉంటుంది. ఈ వయస్సులో కూనలు, తల్లి గూటిలో విడిచిపోయిన పెంటికలను కొరుకుతాయి. గడ్డిని జీర్ణంచేసే సూక్ష్మజీవులు పేగులలో స్థిరపడడానికి ఇది తోడ్పడుతుంది. తల్లి లేని కూనలకు ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుందేలు పెంటికలు కొన్ని వేయడం అందుకే. మూడవ వారంలో గూడు విడిచి గడ్డి రుచి చూస్తాయి. నాలుగు నుంచి ఆరు వారాల మధ్య పాలు మానివేస్తాయి.

పొలంలో దొరికిందని విద్యార్థి ఎవరైనా బొచ్చు ఉన్న, కళ్ళు తెరచిన కుందేలు పిల్లను బడికి తెస్తే, పైన చెప్పినవేవీ దానికి వర్తించవు. అది లీపస్ పిల్ల. దానిని తల్లి విడిచి ఉండడం చాలా అరుదు. ఐరోపాలో బాగా పరిశీలింపబడిన దీని దాయాది జాతిలో తల్లి పగలంతా పిల్లలకు దూరంగా ఉండి, ప్రొద్దుగ్రుంకిన తరువాత ఒకసారి వచ్చి పాలిచ్చి పోతుంది. పైగా మన కుందేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద రక్షణ పొందిన జంతువు; దానిని ఇంట పెంచరాదు. పిల్లకు గాయం లేకపోతే ఆ సాయంత్రమే, దొరికిన చోటనే, అదే పొదచాటున దించి రావలె. దగ్గర నిలబడి చూడరాదు. కుక్కలను అటు పోనీయరాదు. చీకటి పడిన తరువాత తల్లి వస్తుంది.