చీటీ నుంచి మంచం దాకా

బెంగళూరు కుందలహళ్ళి గేటు, ఏఈసీఎస్ లేఅవుట్ ప్రాంతాల్లో ఐటీ ఉద్యోగం చేసుకునే పిల్లల దగ్గరికి మన ఊళ్ళనుంచి వచ్చి ఉండే తల్లిదండ్రులు చాలామందే. వాళ్ళతోపాటు మందుల సంచీ కూడా వస్తుంది. గుంటూరులో రాసిన బీపీ మాత్ర ఒక పేరుతో, ఇక్కడి నర్సింగ్ హోమ్‌లో రాసినది మరో పేరుతో ఉంటాయి. రెండింట్లోనూ ఉన్నది టెల్మిసార్టానే కావచ్చు. రెండూ వేసుకుంటే బీపీ పడిపోయి తూలిపడతారు. ఆ వయసులో తుంటి విరిగితే మళ్ళీ లేచి నడవడం గగనం.

ప్రిస్క్రిప్షన్ కంప్యూటర్‌లో రాస్తే మొదట పట్టుబడేవి ఇలాంటివే. సరైన సాఫ్ట్‌వేర్ బ్రాండును కాదు, లోపలి ఔషధాన్ని చూస్తుంది. కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేయాలి. రోజూ వేస్తే మజ్జ దెబ్బతిని ప్రాణమే పోవచ్చు. ఆ వ్యాధికి "రోజూ" అని నొక్కితే తెర ముందుకు కదలకూడదు. ఇక వృద్ధులకు పనికిరాని మందులనూ అది పట్టుకోవాలి. అలాంటి మందుల జాబితాను 1991లోనే అమెరికా వైద్యుడు మార్క్ బీర్స్ బృందం తయారుచేసింది, అదీ అక్కడి నర్సింగ్ హోమ్‌లలో, అంటే వృద్ధుల సంరక్షణ గృహాల్లో, ఉండే పెద్దల కోసం. షుగరును ప్రమాదకరంగా పడగొట్టే గ్లిబెన్‌క్లమైడ్ ఇప్పటి జాబితాలో ఉంది.

రాయడం సరే, మంచం దగ్గర సరైన మనిషికి సరైన మాత్ర అందిందా? 1992లో కాన్సస్‌లోని టోపీకా మాజీ సైనికుల ఆసుపత్రి నర్సు స్యూ కినిక్, అద్దెకార్ల సంస్థలో బార్‌కోడ్ చదివే పరికరాన్ని చూసి, ఇది మందులకెందుకు పనికిరాదని అడిగారు. రోగి చేతిపట్టీనీ మందునూ స్కాన్ చేసి సరిపోల్చే పద్ధతి అలా మొదలైంది. బోస్టన్‌లోని బ్రిగమ్ ఆసుపత్రిలో దీనివల్ల మందులు వేయడంలో తప్పులు, వేళల తేడాలు కాకుండా, 11.5 శాతం నుంచి 6.8కి తగ్గాయని 2010లో ప్రచురించారు.

మన దేశంలో 2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్లపై క్యూఆర్ కోడ్ తప్పనిసరి. కానీ మన మందుల షాపుల్లో స్ట్రిప్పును కత్తిరించి నాలుగు మాత్రలే ఇస్తారు. కోడ్ మిగిలిన ముక్కమీదో డబ్బామీదో ఉండిపోతుంది. కాబట్టి నర్సింగ్ హోమ్ ఫార్మసీయే ప్రతి రోగికి పూటపూట మోతాదును విడిగా కట్టి, తన లేబుల్ తానే అంటించాలి. ఒక లేబుల్ ప్రింటరు, ఒక ఫోను ఉంటే మొదలుపెట్టవచ్చు. అనవసరమైన హెచ్చరికలు మాత్రం తగ్గించాలి. ప్రతిదానికీ గంట మోగితే సిస్టర్లు, డాక్టర్లు అసలైనదాన్నీ నొక్కి దాటేస్తారు.

డిశ్చార్జి రోజున కొత్త మందులతోపాటు ఆపేసినవాటి పేర్లూ తెలుగులో ముద్రించి ఇవ్వాలి. గుంటూరు నుంచి తెచ్చుకున్న సంచీలో అవి ఇంకా ఉంటాయి.