తెలుగు క్రియకు తల్లి తమిళమా?

తిరుపతి జిల్లా ఏర్పేడు చుట్టుపక్కల పిల్లలు "చేస్తా ఉండా", "వస్తా ఉండా" అంటే అది అరవం కలిసిన మాటని వెక్కిరించేవాళ్లున్నారు. కాస్త చదువుకున్నవాళ్లయితే, అసలు తెలుగు పుట్టిందే తమిళం నుంచి, సరిహద్దు ఊళ్లలో ఆ ఛాయ ఇంకా పోలేదని తీర్పు చెబుతారు. పిల్లలేమో బళ్లో నోరు విప్పడానికే జంకుతున్నారు. ఆ వెక్కిరింపూ, ఈ తీర్పూ రెండూ తప్పే.

తమిళంలో ఇలాంటిచోట వచ్చే సహాయక్రియ 'ఇరు'. మనవాళ్లు అనేది 'ఉండు'. 'చేస్తా' అన్నది 'చేస్తూ'కు మరో రూపం. ఇందులో అరవం ఎక్కడుంది?

ఇక తల్లి సంగతి. నామవాచకాలు అరువొచ్చినంత సులువుగా క్రియలు రావు. అందుకే చుట్టరికం తేల్చడానికి ధాతువుల్ని చూస్తారు. మన 'ఇచ్చు'కు తమిళంలో 'ఈ', గోండి, కుయి ఆదివాసీ భాషల్లో 'సీ'. మన 'చేయు'కు తమిళంలో 'సెయ్', కన్నడంలో 'గెయ్', గోండిలో 'కీ'. తమిళమే అన్నిటికీ మూలమైతే, దాని 'ఈ'లో లేని ఆ 'స'ను ఆదిలాబాద్ గోండులు ఎక్కణ్నుంచి తెచ్చుకున్నారు? తెలుగు ఉన్నది గోండి, కుయిల శాఖలోనే. ఆ తోబుట్టువుల్లో పాత హల్లులు ఇంకా నిలిచాయంటే, తెలుగులో అవి పోయిందీ, మారిందీ తర్వాతే. ఒక్క పోలికైతే కాకతాళీయం అనుకోవచ్చు. కన్నడ 'కివి', మన 'చెవి'లోనూ 'క' 'చ' అయిన అదే మార్పు కనిపిస్తుంది. ఇలాంటి వరసల్ని పట్టుకునే, ఎవరూ రాసిపెట్టని మూలద్రావిడ ధాతువుల్ని నక్షత్రం గుర్తు పెట్టి కడతారు. అవి గాలిలోంచి తీసిన ఊహలు కావు. లాటిన్‌ను దాని చుట్టాలైన ఆస్కన్, అంబ్రియన్ భాషల శాసనాలతో పోల్చి, వాటికి ముందున్న భాష క్రియల్ని కట్టేదీ ఈ పద్ధతిలోనే. తెలుగు ధాతువులపై భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి ఇంత పనీ చేసి 1961లోనే పుస్తకం వేశారు. అరవై ఏళ్లు దాటినా పాతపాటే వినాలా?

ఒకటి మాత్రం ఒప్పుకోక తప్పదు. తమిళ శాసనాలు, సాహిత్యం మనవాటికన్నా చాలా పాతవి. మన తొలి శాసనాల్లో ఒకటైన ఎర్రగుడిపాడు శాసనం క్రీ.శ. 575 ప్రాంతానిది. అయితే ముందు రాత నేర్చినంత మాత్రాన అక్క అమ్మ అయిపోదు.

తమిళం కాకపోతే సంస్కృతమే తల్లి అనేవాళ్లూ ఉన్నారు. ఆ మాటకు మద్రాసులోని ఆంగ్ల అధికారి ఎల్లిస్ 1816లోనే, కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం ముందుభాగంలో జవాబిచ్చారు. ద్రావిడ కుటుంబం 1856లో మిషనరీ కాల్డ్‌వెల్ కల్పించిందన్న వాదనా అక్కడే వీగిపోతుంది.

అయ్యవార్లూ, పరీక్షకు "చేస్తున్నాను" నేర్పండి, తప్పులేదు. "చేస్తా ఉండా"ను మాత్రం కొట్టేయకండి. వీలైతే పిల్లల చేత వాళ్ల అవ్వాతాతల క్రియల్ని రాయించండి: నేను, నువ్వు, వాడు, అది అన్నిటికీ, కాదని చెప్పే రూపాలతో సహా, వాక్యం వాక్యంగా.