మట్టిలో మాటువేసిన వ్యాధి

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలు హైదరాబాదు నగరానికి ఉత్తరాన ఉన్నాయి. పరిశ్రమలు, ప్రయోగశాలలు, కొత్త నివాసాలు విస్తరిస్తున్నప్పటికీ అక్కడి చెరువుల కింద వరి సాగు పూర్తిగా అంతరించలేదు. నాట్ల కాలంలో రైతులు, కూలీలు వట్టి కాళ్ళతో బురద మళ్ళలోకి దిగుతారు. ఉష్ణమండల దేశాలలోని ఇటువంటి తడినేలలే బర్ఖోల్డేరియా సూడోమల్లై అనే బాక్టీరియాకు ఆవాసం. కాలి పగుళ్ళ ద్వారా గాని, గాలివానలో శ్వాస ద్వారా గాని, కలుషిత జలం ద్వారా గాని అది దేహంలో ప్రవేశించి మెలియాయిడోసిస్ అనే వ్యాధిని కలిగిస్తుంది.

ఈ వ్యాధిని మొట్టమొదట గుర్తించినది రంగూన్ నగరంలో. అక్కడి ఆసుపత్రిలో ఆల్‌ఫ్రెడ్ విట్‌మోర్, సి.ఎస్. కృష్ణస్వామి అనే వైద్యులు కొన్ని మృతదేహాలను పరీక్షించి, 1912లో దీనిని లోకానికి వెల్లడించారు. తరువాతి కాలంలో దీనికి విట్‌మోర్ వ్యాధి అనే పేరు కూడా ఏర్పడింది. కృష్ణస్వామి పేరు మాత్రం ఆ గౌరవానికి నోచుకోలేదు.

మెలియాయిడోసిస్‌కు తనదంటూ ఒక రూపం లేదు. ఒకరికి న్యుమోనియాగా, మరొకరికి కాలేయంలోనో ప్లీహంలోనో చీముగడ్డగా, వేరొకరికి కీళ్ళవాపుగా కనిపిస్తుంది. ఊపిరితిత్తుల ఎక్స్‌రే చూసి క్షయ అని భ్రమపడటం కద్దు. అప్పుడు నెలల తరబడి క్షయ మందులు వాడినా జ్వరం తగ్గదు. ప్రయోగశాలలోనూ చిక్కే. ఈ బాక్టీరియా నెమ్మదిగా పెరుగుతుంది. పెరిగిన తరువాత కూడా దానిని సాధారణ సూడోమోనాస్‌గానో, బయటి నుంచి చేరిన మలినంగానో భావించి పక్కన పెట్టే ప్రమాదముంది. ఈలోగా బాక్టీరియా రక్తంలో వ్యాపిస్తే రోగి కొద్ది రోజులలోనే మరణించవచ్చు. మధుమేహ రోగులకు ఈ ముప్పు మరీ ఎక్కువ. మధుమేహం పల్లెలకు కూడా పాకిన ఈ రోజులలో ఇది తేలికగా తీసుకోదగిన విషయం కాదు.

2016లో వెలువడిన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 1,65,000 మందికి ఈ వ్యాధి సోకుతుండగా, 89,000 మంది మరణిస్తున్నారు. అరుదైన వ్యాధి అని మనం అనుకోవడానికి, అది గుర్తింపునకు రాకపోవడం కూడా ఒక కారణమే. 2025లో గుంటూరు జిల్లా తురకపాలెంలో కొన్ని నెలల వ్యవధిలో వరుసగా మరణాలు సంభవించినప్పుడు, మెలియాయిడోసిస్ అనుమానంతో వైద్యబృందాలు గ్రామస్థుల రక్తనమూనాలను సేకరించాయి. ఆంధ్రదేశంలో చాలామంది ఈ వ్యాధి పేరు వినడం అదే మొదటిసారి.

గుర్తించగలిగితే చికిత్స ఉంది. అయితే అది సుదీర్ఘమైనది. మొదట సెఫ్టాజిడిమ్ లేక మెరోపెనెమ్ ఇంజెక్షన్లు కనీసం పది నుంచి పద్నాలుగు రోజులు ఇస్తారు. తరువాత కోట్రైమాక్సజోల్ మాత్రలు మూడు నెలలకు తగ్గకుండా వాడాలి. జ్వరం తగ్గిందని మధ్యలో మానివేస్తే వ్యాధి తిరగబెట్టవచ్చు. కూలి పనులతో పొట్టపోసుకునేవారికి ఈ మూడు నెలలే అసలైన పరీక్ష.

టీకాల తయారీకి ప్రసిద్ధమైన జీనోమ్ వ్యాలీ శామీర్‌పేట ప్రాంతంలోనే ఉంది. అక్కడి భారత్ బయోటెక్ సంస్థ రూపొందించిన టైఫాయిడ్ టీకాకు 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అర్హత లభించింది. మెలియాయిడోసిస్‌కు మాత్రం ఇంతవరకు ఏ దేశంలోనూ టీకా వాడుకలోకి రాలేదు. మధుమేహం గలవారు బురదలో దిగేటప్పుడు మోకాలి బూట్లు ధరించడం, పుండ్లకు నీరు తగలకుండా కట్టు కట్టుకోవడం, కాచిన నీరు త్రాగడం ప్రస్తుతానికి ఉన్న రక్షణలు.