బీరే కదా అని వదిలేస్తున్నారా?

"వేసవి కదా, ఒక్క బీరు! బ్రాందీ కాదుగా!"

ఈ మాట మీ ఇంట్లోనో, పక్కింట్లోనో వినే ఉంటారు. కంచరపాలెంలాంటి చోటయితే చెప్పనే అక్కర్లేదు. మెట్టు దగ్గర్నుంచి ఊర్వశి జంక్షన్ దాకా ఏ వీధి చూసినా పోర్టుకో, షిప్‌యార్డుకో, రైల్వేకో, స్టీల్ ప్లాంటుకో షిఫ్టు డ్యూటీకి వెళ్లొచ్చే మనుషులున్న ఇళ్లే. పైగా మన విశాఖ ఉక్క సంగతి తెలిసిందే కదా! ఫ్యాను కిందున్నా చెమట ఆరదు. డ్యూటీ దిగిన మనిషికి చల్లటిదేదో గొంతులో పడాలనిపించడంలో తప్పులేదు. ఆ చల్లటిది మజ్జిగా, కొబ్బరిబోండామా, బీరా అన్న దగ్గరే వస్తుంది పేచీ.

వంటల పేజీల్లో బీరకాయ ఉండాలి గానీ ఈ బీరేమిటమ్మా అని ముక్కున వేలేసుకోకండి. జుట్టు మెరవాలంటే బీరుతో కడుక్కోండి అని ఒకప్పుడు బ్యూటీ చిట్కాల్లో రాయలేదూ! ఇప్పుడు సీసాలో సరుకు మారింది, తాగేవాళ్ల రుచి మారింది, ఇక ముందు ఇంకా మారబోతోంది. ఇంటి ఖర్చు రాసుకునే మీకు ఆ సంగతులు తెలియకపోతే ఎలా?

ముందు లెక్క చూద్దాం. మన నిబంధనల ప్రకారం ఆల్కహాలు 5 శాతం దాకా ఉంటే మైల్డ్ బీరు. 5 దాటి 8 శాతం దాకా అయితే స్ట్రాంగ్. పెద్ద సీసా 650 మిల్లీలీటర్లు. అందులో 8 శాతమంటే 52 మిల్లీలీటర్ల అచ్చమైన ఆల్కహాలు. బ్రాందీలో, విస్కీలో ఉండేది 42.8 శాతం. 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గులో దాదాపు 26 మిల్లీలీటర్లన్నమాట. అంటే ఏమైంది? ఒక్క స్ట్రాంగ్ బీరు రెండు పెద్ద పెగ్గులతో సమానం! రెండు సీసాలు తాగితే ఒక క్వార్టరూ, పైన ఇంకో పెగ్గూ. మూడయితే రెండు క్వార్టర్లు పూర్తయినట్టే. మరి "బ్రాందీ కాదుగా" అన్న మాటకి అర్థమేమిటండీ? నీళ్లు ముందే కలిపేసి ఉన్నాయి, అంతే!

మన దేశంలో అమ్ముడయ్యే బీరులో ఎక్కువ భాగం ఈ స్ట్రాంగేనంటే నమ్ముతారా? మిగతా ప్రపంచంలో ఇలా లేదు. చాలా దేశాల్లో మామూలుగా తాగేది 4, 5 శాతం బీరే. మనవాళ్ల నాలుకకి ఘాటు ఎందుకు మరిగిందంటే, పెట్టిన డబ్బుకి ఎంత మత్తు వస్తుందన్నదే లెక్క కాబట్టి. చాలా రాష్ట్రాల్లో బీరు మీద పన్నుకు ఘాటు ఒక్కటే ఆధారం కాదు. తేలికదానికీ, ఘాటుదానికీ ధరలో పెద్ద తేడా లేనప్పుడు ఎవరైనా ఘాటుదే అడుగుతారు. హేవార్డ్స్ 5000, నాకౌట్ వంటి పేర్లు వినగానే తెలియడం లేదూ అవి ఎవరి కోసం పెట్టినవో! ఇక రుచంటారా, గడ్డకట్టేంత చల్లగా తాగితే ఏ రుచీ తెలియదు.

ఇందులో ప్రభుత్వాల పాత్ర కూడా తక్కువేం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం ఎత్తేశారు. సారా పోయింది, సీసాలు తిరిగొచ్చాయి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో మద్యం షాపులన్నీ ప్రభుత్వం చేతికి వెళ్లాక తెలిసిన పేర్లు చాలా మాయమై, ఎన్నడూ వినని పేర్లు కనపడ్డాయి. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు షాపులు తెరిచారు. ఆ అయిదేళ్లూ తాగేవాళ్లు తమకిష్టమైందే తాగారంటారా? అరలో ఉన్నది తాగారు. మగవాళ్లు తమ టేస్టని గొప్పగా చెప్పుకునేదాంట్లో సగం షాపువాడి టేస్టే అంటే కోప్పడతారు గానీ, నిజం అదే.

షాపంటే గుర్తొచ్చింది. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' సినిమా చూశారా? అందులో వైన్ షాపులో పనిచేసే అబ్బాయి, రోజూ అక్కడికి సీసా కొనడానికి వచ్చే అమ్మాయి కళ్లు చూసి ప్రేమిస్తాడు. మన ఊరి సినిమాలో నాకు బాగా నచ్చిన కథ అదే.

ఇంతకీ బీరు ఎలా తయారవుతుంది? ఇది మీకు తెలియని విద్యేం కాదు. పసిపిల్లలకి రాగి మాల్ట్ ఎలా చేస్తారు? చోళ్లు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకలొచ్చాక ఎండబెట్టి, దోరగా వేయించి పొడి కొడతారు. మొలకెత్తిన గింజలో పిండిపదార్థం చక్కెరగా మారే గుణం వస్తుంది. అందుకే ఆ జావ కమ్మగా, తియ్యగా ఉంటుంది. బార్లీతో కూడా సరిగ్గా ఇదే పని చేసి, వేడినీళ్లలో నానబెట్టి, ఆ తియ్యటి రసంలో హాప్స్ అనే చేదు పువ్వులు వేసి మరిగిస్తారు. చల్లారాక ఈస్ట్ కలుపుతారు. ఆ ఈస్ట్ చక్కెరని తిని ఆల్కహాలునీ, నురగనిచ్చే గ్యాసునీ వదులుతుంది. మీ ఇడ్లీపిండి రాత్రికి రాత్రి పొంగడానికీ దీనికీ దూరపు చుట్టరికం ఉంది.

అసలు ఈ విద్య ఆడవాళ్లదే సుమండీ! సుమేరియావాళ్లకి బీరు కాచే దేవత ఉండేది. పేరు నిన్కాసి. ఆమె మీద దాదాపు 3,800 ఏళ్ల కిందట మట్టిపలకల మీద రాసిన స్తోత్రం ఇప్పటికీ ఉంది. యూరప్‌లో కూడా పెద్ద కార్ఖానాలు వచ్చేదాకా ఇంట్లో బీరు కాచింది ఎక్కువగా ఆడవాళ్లే. డబ్బు వచ్చే వ్యాపారమయ్యాక మగవాళ్ల చేతికి పోయింది. వంట మనది, హోటలు వాళ్లది అన్నట్టు!

ఇప్పుడు కొత్త రుచుల సంగతి. గత పది పన్నెండేళ్లుగా కుర్రకారు చేదు తగ్గిన గోధుమ బీరు వైపు తిరిగారు. బిరా 91 లాంటి కంపెనీ 2015లో అలాంటి దాంతోనే పేరు తెచ్చుకుంది. బెల్జియం తరహా గోధుమ బీరులో ఏం వేస్తారో తెలుసా? ధనియాలు, నారింజ తొక్కలు! మన చారుపొడి డబ్బాలోంచి తీసినట్టు లేదూ? బెంగళూరులో, 2015లో నియమాలు వచ్చాక హైదరాబాద్‌లో, అక్కడికక్కడే కాచి పోసే చిన్న బ్రూవరీలు వెలిశాయి. మామిడి, చోళ్లు, ఇలా చేతికందినవి వేసి చూస్తున్నారు. చోళ్లతో మత్తుపానీయం కొత్త కనిపెట్టుడేం కాదు. మన ఏజెన్సీని ఆనుకున్న కోరాపుట్ కొండల్లో గిరిజనులు కాచుకునే లండా అలాంటిదే. మన పాడేరు వైపు జీలుగుకల్లు సరేసరి. ఊళ్లో ముసలమ్మ తాగితే నాటుసరుకు, ఏసీ గదిలో గ్లాసులో పోస్తే క్రాఫ్ట్ బీరు. నాకెందుకో నవ్వొస్తుంది.

ఇక ముందు ఎటు పోతుందంటే, నాకు తోచినంతలో దారులు రెండున్నాయి. ఒకటి తేలికవైపు. బ్రిటన్‌లో 2023 ఆగస్టు నుంచి పన్నుని ఘాటుని బట్టి వేస్తున్నారు. 3.5 శాతం లోపుంటే పన్ను తక్కువ. వెంటనే కొన్ని కంపెనీలు తమ బీరుని 3.4కి దించేశాయి! మన దగ్గర కూడా అలా చేస్తే స్ట్రాంగ్ రాజ్యం ఎన్నాళ్లుంటుందో చూడాలని ఉంది. రెండోది తీపివైపు. నిమ్మ, పీచ్, ఆపిల్ వాసనలతో, రంగురంగుల చిన్న డబ్బాల్లో వచ్చేవి. అవి మీ ఆయన కోసం కాదు, కాలేజీకెళ్లే మీ అబ్బాయి కోసం, అమ్మాయి కోసం. చేదే ఒక కాపలా. అది తీసేస్తే మొదటి గుక్కకే మొహం చిట్లించే పని ఉండదు. నాకు స్ట్రాంగ్ కన్నా వీటి భయమే ఎక్కువ.

ఇంకో మాట కూడా వింటుంటాం: బీరు తాగితే కిడ్నీలో రాళ్లు పోతాయని. బీరు రాయిని కరిగించదు. మూత్రం ఎక్కువ వస్తుంది, అంతే. ఆ పని మంచినీళ్లు కూడా చేస్తాయి. పైగా బీరు యూరిక్ యాసిడ్‌ని పెంచుతుంది, కీళ్లవాపున్నవాళ్లకి మరీ చేటు. చలువ చేస్తుందన్నది కూడా వట్టి మాటే. ఒంట్లో నీళ్లు బయటికి పంపేది చలువెలా చేస్తుంది? ఒక స్ట్రాంగ్ సీసాలో ఆల్కహాలు నుంచే 290 కేలరీల దాకా వస్తాయి. పొట్ట ఎందుకొచ్చిందో వేరే చెప్పాలా? మద్యం ఎంత తక్కువైనా ఆరోగ్యానికి క్షేమమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చేసింది. ఆడవాళ్లకి రొమ్ము క్యాన్సరు ముప్పు పెంచేవాటిలో ఇదీ ఒకటి.

ఉక్కకి తట్టుకోవాలంటే మన అత్తగార్ల తరం వదిలేసిన తరవాణి కుండ ఉందిగా! గంజిలో అన్నం పులియబెట్టి, పొద్దున్నే ఉప్పు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ నంజుకుని తాగితే మధ్యాహ్నం దాకా దాహం వేయదు. చోడి అంబలిలో కాస్త మజ్జిగ కలిపి ఫ్లాస్కులో పోసిస్తే డ్యూటీకి కూడా పట్టుకెళ్లొచ్చు.

చివరగా, సున్నా ఆల్కహాలు బీరు గురించి చాలామంది అడుగుతున్నారు. 2018లో కింగ్‌ఫిషర్ రాడ్లర్ వచ్చినప్పటి నుంచీ ఇలాంటివి కిరాణా షాపుల్లో కూడా కనపడుతున్నాయి. కొనేముందు లేబుల్ తిప్పి చూడండి. 0.0 అని ఉంటే ఒక రకం. నాన్ ఆల్కహాలిక్ అని మాత్రమే ఉంటే 0.5 శాతం దాకా ఉండొచ్చు. చక్కెర ఎంతో కూడా చూడండి, షుగరున్నవాళ్లకి ముఖ్యం. తాగుడు మానేసిన మనిషికి మాత్రం సరదాకైనా ఇవ్వకండి, ఆ వాసనకే పాత కోరిక లేస్తుంది. మాన్పించడానికని కూరలో కలిపే మాత్రలు, పొడులు ఎవరో ఇచ్చారని ఆయనకి తెలియకుండా పెట్టడం అసలే వద్దు. వాటిలో డైసల్ఫిరామ్ ఉంటే, ఆ పైన ఒక్క బీరు తాగినా ప్రాణం మీదికి రావచ్చు. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలో డాక్టర్లున్నారు. 14446 నంబరుకి ఫోన్ చేస్తే డబ్బు కట్టకుండానే సలహా చెబుతారు. మీ పేరు చెప్పడానికి మొహమాటమనిపిస్తే చెప్పకుండానే అడగండి.