అరబీ నిఘంటువు - చీటీల నుండి కంప్యూటరు వరకు

యూసుఫ్ సూరా 19వ ఆయత్‌లో "సయ్యారా" అనే పదం వస్తుంది. బాలుడైన యూసుఫ్ (అలైహిస్సలాం) ఉన్న బావి దగ్గరకు నీటికోసం మనిషిని పంపిన బిడారు అది. నేటి అరబ్బు వీధుల్లో సయ్యారా అంటే మోటారు కారు. ఇక్కడ చదువరి పొరబడడు, సందర్భమే అతణ్ణి కాపాడుతుంది. కాని అర్థం ఇంత బాహాటంగా కాక కొద్దికొద్దిగా జరిగిపోయిన పదాల సంగతేమిటి? ఏ పదం ఏ శతాబ్దంలో ఏ అర్థమిచ్చిందో చెప్పే నిఘంటువు కావాలి.

పూర్వులు సామాన్యులు కారు. బస్రా పండితుడు ఖలీల్ ఇబ్నె అహ్మద్ హిజ్రీ రెండవ శతాబ్దంలోనే మూలాక్షరాల కూర్పులను లెక్కగట్టాడు. మూడక్షరాలు 6 విధాలుగా, నాలుగు 24 విధాలుగా, ఐదు 120 విధాలుగా మారుతాయి. వాటిలో వాడుకలో ఉన్నవాటిని, లేనివాటిని వేరుచేశాడు. యంత్రానికి తగిన పని, యంత్రం లేకుండానే! హజ్ నుండి తిరిగి వస్తూ ఖరామితా తిరుగుబాటుదారులకు బందీగా చిక్కిన అజ్‌హరీ, ఎడారి తెగల పలుకుబడిని చెవులారా విన్నాడు. 1290లో ఇబ్నె మంజూర్ ముగించిన "లిసానుల్ అరబ్" ఆయన గ్రంథంతో సహా ఐదు గ్రంథాల సంకలనం. అయితే వీటిలో అర్థాలు పక్కపక్కనే ఉంటాయి, వాటికి కాలక్రమం ఉండదు.

ఆ కొరత తీర్చాలని జర్మన్ పండితుడు ఆగస్ట్ ఫిషర్ ఏళ్ల తరబడి చీటీలు రాశాడు. 1949లో ఆయన మరణించేనాటికి పని ముగియలేదు. 1967లో కైరోలో అచ్చయినది చిన్న భాగం మాత్రమే.

కంప్యూటరు వచ్చాక చీటీల పెట్టె పని తీరింది. గ్రంథాలను అందులోకి ఎక్కిస్తే, ఒక పదం వచ్చిన వాక్యాలన్నీ క్షణాల్లో తెర మీదికి వస్తాయి. 2013లో ప్రారంభమైన దోహా చారిత్రక నిఘంటువు తొలి దశ 2018లో వెలువడింది. షార్జా నిఘంటువు 2024 నాటికి 127 సంపుటాలైంది.

చిక్కు లిపిలోనే ఉంది. అరబీ గ్రంథాల్లో జబర్, జేర్, పేష్ సాధారణంగా రాయరు. వావ్, హే, మీమ్ అనే మూడక్షరాలను "వహుమ్" అని చదివితే "మరియు వారు", "వహ్మ్" అని చదివితే "భ్రమ". గుడ్డిగా లెక్కించే యంత్రం "వారు" ఉన్నచోటల్లా "భ్రమ"ను చూస్తుంది. ఈ తప్పులను ఒక్కొక్కటిగా ఏరడంలోనే పండితుల కాలం ఎక్కువగా పోతుంది.

తేదీల చిక్కు ఇంకా లోతైనది. జాహిలియ్యా కాలపు కవి ఇమ్రవుల్ ఖైస్ పద్యం "లిసానుల్ అరబ్"లో దొరికితే, యంత్రం దానికి 1290 అని తేదీ వేయగలదు. దాన్ని ఏడు శతాబ్దాలకు పైగా వెనక్కి జరపాలా, ఆ పద్యం అసలు ఆ కవిదేనా అన్నది తేల్చవలసింది పాఠాలను ఎరిగిన మనిషే. దోహా నిఘంటువు ప్రతి అర్థం పక్కనా తేదీని, వాక్యాన్ని, అది దొరికిన గ్రంథాన్ని చూపుతుంది. సందేహమున్నవారు నేరుగా ఆ గ్రంథాన్నే విప్పి చూసుకోవచ్చు.