ఢిల్లీ వినవలసిన మధురై లెక్క

శీతాకాలం వచ్చేసరికి రాజధానిని పొగ కమ్ముతుంది. పంజాబు, హర్యానా రైతులు తగలబెట్టే వరి కొయ్యల గురించి, లారీల గురించి, ఇటుక బట్టీల గురించి ఇక్కడ వాగ్యుద్ధాలు జరుగుతాయి. ఆ పొగ పీల్చి జబ్బుపడినవారిని చేర్చుకునే ఆసుపత్రి కూడా వాతావరణంపై భారం మోపుతున్నదన్న మాట మాత్రం అరుదుగా వినబడుతుంది. భూగోళాన్ని వేడెక్కించే వాయువులలో నూటికి నాలుగైదు పాళ్లు వైద్యరంగానివేనని అంచనా. అందులోనూ ఆపరేషన్ థియేటర్ తీరు వేరు. వాంకూవర్, మినియాపొలిస్, ఆక్స్‌ఫర్డ్ నగరాలలోని మూడు ఆసుపత్రులను పరిశీలించి 2017లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, ఆసుపత్రి మొత్తంతో పోల్చితే థియేటర్‌లో ప్రతి చదరపు అడుగుకూ 3 నుంచి 6 రెట్లు ఎక్కువ శక్తి ఖర్చవుతున్నది.

మత్తు వాయువుల సంగతి మరీ విచిత్రం. రోగి పీల్చినదానిలో అధిక భాగం మారకుండానే బయటికి వచ్చి, గొట్టం గుండా ఆకాశంలో కలుస్తుంది. నూరేళ్ల లెక్కన చూస్తే, డెస్‌ఫ్లూరేన్ అనే వాయువు బరువుకు బరువు బొగ్గుపులుసు వాయువు కంటె సుమారు 2,500 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. దాని పని చాలావరకు సెవోఫ్లూరేన్‌తో సాగుతుంది గనుక 2023లో స్కాట్లండ్ దానిని వదులుకున్నది. వైద్యరీత్యా తప్పనిసరి అయితే తప్ప వాడరాదని 2026 జనవరి నుంచి ఐరోపా యూనియన్ కట్టడి చేసింది. మన ప్రభుత్వం 2021లో కిగాలీ సవరణను ఆమోదించినప్పటికీ, ఆ సవరణ జాబితాలో ఈ మత్తు వాయువులు లేవు.

అయితే ఈ విద్య నేర్చుకొనడానికి మనవారు విమానమెక్కి ఐరోపాకు పోనక్కరలేదు. 1976లో డాక్టర్ జి. వెంకటస్వామి 11 పడకలతో మధురైలో నెలకొల్పిన అరవింద్ కంటి ఆసుపత్రి ఉన్నది. ఆ సంస్థ ఆసుపత్రి ఇప్పుడు తిరుపతిలో కూడా నడుస్తున్నది. అక్కడి శుక్లాల ఆపరేషన్‌ను పరిశోధకులు కొలిచి 2017లో ప్రకటించారు. ఒక్కొక్క ఆపరేషన్‌కు పోగుపడే చెత్త 250 గ్రాములు. వాతావరణంపై పడే భారం సుమారు 6 కిలోల బొగ్గుపులుసు వాయువుకు సమానం. బ్రిటన్‌లో అదే ఆపరేషన్ మోపే భారంలో ఇది ఇరవయ్యవ వంతు! ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. గౌన్లు, రోగిపై కప్పే గుడ్డలు ఉతికి, శుద్ధిచేసి మళ్లీ వాడతారు. మందు సీసాను ఒక్క రోగితో సరిపెట్టి పారవేయరు. ఒక బల్లపై ఆపరేషన్ జరుగుతుండగా పక్క బల్లపై మరొకరిని సిద్ధం చేస్తారు. అయినా కంట్లో చీము పట్టే కేసులు పాశ్చాత్య ఆసుపత్రుల కంటె ఎక్కువ లేవు. ఇదంతా పర్యావరణంపై ప్రేమతో మొదలైనది కాదు. బీదవానికి చూపు రావాలంటే ఖర్చు తగ్గాలి, అంతే.

ఈ మాట విని పొదుపు పేరిట నిర్లక్ష్యానికి తలుపులు తెరవమనడం నా ఉద్దేశం కాదు. 2014లో పంజాబులోని గురుదాస్‌పూర్ జిల్లా శిబిరంలో, 2021లో బీహారులోని ముజఫర్‌పూర్‌లో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న బీదలు పలువురు చూపునే పోగొట్టుకున్నారు. గుడ్డను మళ్లీ వాడడం వేరు, శుద్ధి చేయకుండా వాడడం వేరు. ఈ భేదాన్ని నిర్ణయించవలసినది ఎవరు? ‘ఒక్కసారి వాడి పారవేయండి’ అని అట్టపెట్టెపై అచ్చువేసే తయారీదారుకు ఆ నిర్ణయం వదలిపెట్టడం న్యాయమా? అమ్మకాలు పెరిగితే ఆయనకు లాభమే కదా!

రాజధానిలో ఈ ప్రశ్న రెండు మంత్రిత్వశాఖల నడుమ జారిపోతున్నది. ఆసుపత్రి వ్యర్థాల నిబంధనలు పర్యావరణ శాఖవి; 1998లో మొదట వచ్చి, 2016లో కొత్తరూపు దాల్చాయి. పసుపు, ఎరుపు, తెలుపు, నీలం అంటూ ఏ చెత్త ఏ రంగులో పడాలో, 48 గంటలలో ఏమి చేయాలో అవి వివరంగా చెబుతాయి. బుట్ట అసలు ఎందుకు నిండుతున్నదని అడగవు. అడగవలసిన ఆరోగ్యశాఖ చేతిలో అంతకంటె బలమైన సాధనమే ఉన్నది. 2018లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పథకం కింద, 2007 నాటి మన ఆరోగ్యశ్రీ పద్ధతిలోనే, ఫలానా శస్త్రచికిత్సకు ఇంత అని ప్రభుత్వం ఆసుపత్రికి చెల్లిస్తున్నది. డబ్బు ఇచ్చేవారు షరతు పెట్టవచ్చు. ఏ వస్తువును ఏ విధంగా శుద్ధిచేసి ఎన్నిసార్లు వాడవచ్చునో నిపుణుల చేత నిర్ణయింపజేసి, మత్తు వాయువుల లెక్క చూపమని ఆ ఒప్పందంలో ఒక పేరా చేర్చడానికి పార్లమెంటులో బిల్లు పెట్టవలసిన పనికూడా లేదు.