ఎల్జీబీటీ హక్కులు: పార్టీల మాటకు, పాలనకు మధ్య దూరమెంత?

2023 ఫిబ్రవరి 24 నుంచి 26 వరకు ఛత్తీస్‌గఢ్‌లోని నవా రాయ్‌పూర్‌లో కాంగ్రెస్ పార్టీ 85వ ప్లీనరీ సమావేశాలు జరిగాయి. పార్టీ నియమావళికి అక్కడ పలు సవరణలు ఆమోదం పొందాయి. కార్యవర్గంలో సగం స్థానాలను ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీ వర్గాలకు, మహిళలకు, యువతకు కేటాయించాలన్న నిర్ణయం పత్రికల్లో ప్రముఖంగా వచ్చింది. అంతగా చర్చకు రాని మార్పు మరొకటి ఉంది. పార్టీ సభ్యత్వ పత్రాల్లో స్త్రీ, పురుషులతో పాటు తృతీయ లింగానికీ చోటు కల్పించారు.

దరఖాస్తులో చేరిన ఆ ఒక్క గడి ఒక పెద్ద ప్రశ్నకు దారి తీస్తుంది. ప్రగతిశీల భావాలు తమవని చెప్పుకునే పార్టీలలో ఎల్జీబీటీ వర్గాల హక్కులకు నిజంగా దక్కిన స్థానం ఏమిటి? దీనికి సమాధానం పార్టీల ఎన్నికల ప్రణాళికల్లో మాత్రమే దొరకదు. అభ్యర్థుల జాబితాల్లోనూ, అధికారంలో ఉన్నప్పుడు ఆ పార్టీలు తీసుకున్న నిర్ణయాల్లోనూ వెతకవలసి ఉంటుంది.

ఒకే పేరు కింద రెండు అంశాలు

ఎల్జీబీటీ అన్న మాటలో లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్ అనే నాలుగు వర్గాలు ఇమిడి ఉన్నాయి. మొదటి మూడూ ఒక వ్యక్తి ఎవరిని ప్రేమిస్తారన్న విషయానికి సంబంధించినవి. నాలుగోది ఆ వ్యక్తి తనను తాను స్త్రీగా, పురుషుడిగా, లేదా వేరుగా ఎలా గుర్తించుకుంటారన్న దానికి చెందినది. మన దేశ రాజకీయాలు ఈ రెండు అంశాలనూ ఒకే తీరుగా చూడలేదు.

ట్రాన్స్‌జెండర్లను ప్రత్యేక వర్గంగా గుర్తిస్తూ సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో తీర్పునిచ్చింది. ఆ తరువాత పింఛన్లు, వసతి గృహాలు, గుర్తింపు కార్డులు, ఉద్యోగాలు ప్రభుత్వ పథకాల్లో చేరాయి. వీటిపై పార్టీల మధ్య పెద్దగా విభేదాలు లేవు. స్వలింగ జంటల సహజీవనానికి, కుటుంబ హక్కులకు చట్టబద్ధత కల్పించే విషయానికి వచ్చేసరికి మాత్రం ప్రగతిశీల పార్టీలు సైతం తడబడుతూ వచ్చాయి.

పార్టీ అండ లేని గెలుపు

తెలంగాణకు పొరుగున ఉన్న ఛత్తీస్‌గఢ్ అనుభవం ఈ సందర్భంలో పరిశీలించదగినది. 2011 జనాభా లెక్కల్లో ఆ రాష్ట్రంలో 'ఇతరులు' అన్న వర్గంలో నమోదైనవారు 6,591 మంది. సంఖ్యాపరంగా ఓటు బ్యాంకు అనదగినంత బలం కాదు. అయినా 2015 జనవరిలో రాయ్‌గఢ్ నగర పాలక సంస్థ మేయర్‌గా మధుబాయి కిన్నర్ ఎన్నికయ్యారు. ఆమె దళిత ట్రాన్స్‌జెండర్ మహిళ. ఆ పదవి ఎస్సీలకు కేటాయించినది. రైళ్లలో, వీధుల్లో పాటలు పాడుతూ జీవనం సాగించిన ఆమె 4,537 ఓట్ల ఆధిక్యంతో బీజేపీ అభ్యర్థిని ఓడించారు. ఆమె పోటీ చేసింది స్వతంత్ర అభ్యర్థిగా. అంతకుముందు ఉమ్మడి మధ్యప్రదేశ్ శాసనసభకు సోహాగ్‌పూర్ నుంచి ఎన్నికైన శబ్నమ్ మౌసీ కూడా స్వతంత్రంగానే గెలిచారు. ఓటర్లు ఆమోదించిన ఈ ఇద్దరికీ ఏ ప్రధాన పార్టీ అండా లేదు.

ఉద్యోగాల విషయంలో పురోగతి కనిపిస్తుంది. ఛత్తీస్‌గఢ్ పోలీసు శాఖ 2021లో 13 మంది ట్రాన్స్‌జెండర్లను కానిస్టేబుళ్లుగా ఎంపిక చేసింది. మరుసటి సంవత్సరం బస్తర్ ఫైటర్స్ దళానికి తొమ్మిది మంది ఎంపికయ్యారు. తెలంగాణలో 2024 డిసెంబరులో 39 మంది హైదరాబాద్ ట్రాఫిక్ సహాయకులుగా నియమితులయ్యారు. బీజేపీ సైతం 2024 ఎన్నికల ప్రణాళికలో 'గరిమా గృహ్' వసతి కేంద్రాల విస్తరణను, ట్రాన్స్‌జెండర్లకు ఆయుష్మాన్ భారత్ వర్తింపును ప్రకటించింది.

సంక్షేమం విస్తరించినంత వేగంగా చట్టపరమైన సమానత్వం రాలేదు. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం, వారిపై లైంగిక వేధింపులతో సహా పలు నేరాలకు గరిష్ఠ శిక్ష రెండు సంవత్సరాలు మాత్రమే. మహిళలపై అత్యాచారానికి కనీస శిక్షే పది సంవత్సరాలు. బిల్లును సెలెక్ట్ కమిటీకి పంపాలన్న ప్రతిపక్ష తీర్మానం రాజ్యసభలో వీగిపోయింది.

ఒకే పార్టీ, రెండు స్వరాలు

స్వలింగ సంబంధాలను నేరంగా పరిగణించిన భారత శిక్షాస్మృతి 377వ సెక్షన్‌పై ఢిల్లీ హైకోర్టులో వాదనలు జరిగినప్పుడు కేంద్రంలో కాంగ్రెస్ నాయకత్వంలోని యూపీఏ ప్రభుత్వం ఉంది. ఆ సెక్షన్ కొనసాగాలని హోం శాఖ వాదించింది. ఎయిడ్స్ నివారణకు అది అడ్డంకి అని ఆరోగ్య శాఖ తెలియజేసింది. సెక్షన్‌ను పరిమితం చేస్తూ హైకోర్టు 2009 జులై 2న ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2013 డిసెంబరు 11న కొట్టివేసింది. అప్పుడు సోనియా గాంధీ నిరాశ వ్యక్తం చేశారు. ప్రభుత్వం పునఃసమీక్ష కోరింది. 2014 ఎన్నికల ప్రణాళికల్లో కాంగ్రెస్, సీపీఎం ఈ సెక్షన్ నుంచి స్వలింగ సంబంధాలకు విముక్తి కల్పిస్తామన్నాయి. 2015 డిసెంబరులో కాంగ్రెస్ సభ్యుడు శశి థరూర్ ప్రైవేటు బిల్లు తేగా, దానిని ప్రవేశపెట్టేందుకే లోక్‌సభ అంగీకరించలేదు. చివరకు 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పుతోనే ఆ నేరముద్ర తొలగింది. చట్టసభలు చేయవలసిన పనిని న్యాయస్థానం పూర్తి చేసింది.

రాయ్‌పూర్ ప్లీనరీ ముగిసిన కొద్ది నెలలకే అదే ద్వంద్వ వైఖరి మళ్లీ బయటపడింది. స్వలింగ వివాహాల గుర్తింపు కోరుతూ హైదరాబాద్‌కు చెందిన జంటతో పాటు పలువురు వేసిన పిటిషన్లపై 2023 వేసవిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం విచారణ జరిపింది. వివాహం ఉమ్మడి జాబితాలోని అంశం కనుక కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం కోరింది. ఆంధ్రప్రదేశ్, అస్సాం, రాజస్థాన్ ప్రభుత్వాలు వ్యతిరేకత తెలిపాయి. రాజస్థాన్‌లో అప్పుడు అధికారంలో ఉన్నది కాంగ్రెస్.

2023 అక్టోబరు 17న వెలువడిన తీర్పు, వివాహం ప్రాథమిక హక్కు కాదని ఏకగ్రీవంగా తేల్చింది. పౌర బంధానికి చట్టబద్ధత ఇవ్వడంపై ఐదుగురు న్యాయమూర్తులు 3-2గా విడిపోయారు. నిర్ణయాన్ని చట్టసభలకే వదిలివేశారు. దానితో భారం మళ్లీ పార్టీలపై పడింది. 2024 లోక్‌సభ ఎన్నికల ప్రణాళికలో, విస్తృత సంప్రదింపుల తరువాత ఎల్జీబీటీ జంటల పౌర బంధాన్ని గుర్తించే చట్టం తెస్తామని కాంగ్రెస్ ప్రకటించింది. స్వలింగ జంటలకు వివాహాన్ని పోలిన రక్షణలు కల్పించాలని సీపీఎం ప్రతిపాదించింది.

టికెట్టు దక్కినా...

అభ్యర్థిత్వం విషయంలో తెలుగు రాష్ట్రాలలో ప్రయత్నాలు జరిగాయి. 2018 తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో, సీపీఎం భాగస్వామిగా ఉన్న బహుజన లెఫ్ట్ ఫ్రంట్ హైదరాబాద్‌లోని గోషామహల్ స్థానానికి ట్రాన్స్‌జెండర్ మహిళ చంద్రముఖి మువ్వలను నిలిపింది. 2023లో వరంగల్ తూర్పు నుంచి పుష్పిత లయకు బీఎస్పీ టికెట్టు ఇచ్చింది. ఇద్దరూ ఓడిపోయారు. పార్టీ గెలుస్తుందన్న ఆశ లేని స్థానాన్ని కేటాయించడం సులభం. గెలిచే స్థానం ఇవ్వడమే అసలు పరీక్ష. ఆ పరీక్షలో నెగ్గిన ఉదాహరణ ఢిల్లీలో ఉంది. 2022 డిసెంబరు నగర పాలక ఎన్నికల్లో ఆమ్ ఆద్మీ పార్టీ అభ్యర్థిగా బాబీ కిన్నర్ సుల్తాన్‌పురి-ఏ వార్డు నుంచి కార్పొరేటర్‌గా గెలుపొందారు.

పార్టీ నిర్మాణంలోనూ కొన్ని ప్రయోగాలు జరిగాయి. 2019 జనవరిలో అప్సరా రెడ్డి అఖిల భారత మహిళా కాంగ్రెస్ జాతీయ ప్రధాన కార్యదర్శిగా నియమితులయ్యారు. మరుసటి సంవత్సరం ఆమె అన్నాడీఎంకేలో చేరారు. 2020 అక్టోబరులో నేషనలిస్ట్ కాంగ్రెస్ పార్టీ మహారాష్ట్రలో ఎల్జీబీటీ విభాగాన్ని ప్రారంభించింది.

ఇతర దేశాల అనుభవం

పొరుగున ఉన్న నేపాల్‌లో 2008 రాజ్యాంగ సభ ఎన్నికల్లో కమ్యూనిస్ట్ పార్టీ ఆఫ్ నేపాల్ (యునైటెడ్) అనే చిన్న వామపక్షం, తాను గే అని బహిరంగంగా ప్రకటించుకున్న సునీల్ బాబు పంత్‌ను సభకు పంపింది. దామాషా పద్ధతి ఉన్నందున అది సాధ్యమైంది. చెల్లాచెదురుగా ఉన్న చిన్న వర్గాలు మన దేశంలోలా నియోజకవర్గంలో అత్యధిక ఓట్లు సాధించవలసిన అవసరం అక్కడ లేదు. 2015 నాటి నేపాల్ రాజ్యాంగంలో లైంగిక మైనారిటీల హక్కులకు చోటు దక్కింది.

బ్రిటన్‌లో మార్పు మరో దారిలో వచ్చింది. 1984-85 బొగ్గు గని కార్మికుల సమ్మెకు లండన్‌లోని లెస్బియన్, గే కార్యకర్తలు విరాళాలు సేకరించి అండగా నిలిచారు. 1985లో లేబర్ పార్టీ మహాసభ ఈ వర్గాల సమానత్వాన్ని సమర్థిస్తూ తీర్మానం ఆమోదించినప్పుడు గని కార్మిక సంఘం ఓట్లు అందుకు తోడ్పడ్డాయి. నాయకత్వం దయతో ఇచ్చిన హక్కు కాదది. కార్మికులతో కలిసి నిలబడినందుకు ఆ వర్గాలకు దక్కిన మద్దతు.

తేలవలసినవి

ఈ చర్చ పార్టీల సిద్ధాంతాలకే పరిమితమైనది కాదు. కలిసి జీవిస్తున్న ఇద్దరిలో ఒకరు ఆస్పత్రిలో చేరితే అంగీకార పత్రంపై సంతకం చేసే అధికారం ఎవరిది? ఒకరు మరణిస్తే పింఛను, వారసత్వం ఎవరికి చెందుతాయి? ఈ విషయాలను సూచించేందుకు కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన కమిటీ ఏర్పాటవుతుందన్న కేంద్రం హామీని 2023 తీర్పు నమోదు చేసింది. చట్టం చేయవలసింది పార్లమెంటు, శాసనసభలు.

రాయ్‌పూర్‌లో పార్టీ పత్రంలో చేరిన గడి విలువైనదే. తన ఉనికిని తానే రాసుకునే వీలు ఒక పౌరుడికి తొలి గౌరవం. అయితే ఆ పత్రం నింపిన వ్యక్తికి గెలిచే స్థానంలో టికెట్టు దక్కుతుందా, ప్రణాళికలో ఇచ్చిన మాటకు అదే పార్టీకి చెందిన రాష్ట్ర ప్రభుత్వం కట్టుబడుతుందా అన్నవి ఇంకా తేలవలసిన విషయాలు. ప్రగతిశీల పార్టీల నిబద్ధతకు కొలమానాలు కూడా అవే.